ఇంటి చదువు - కళాశాల ప్రవేశము

గత వేసవిలో నొకనాటి సాయంకాలము మా వీధిలోని యిల్లాలొకతె తన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆ బాలునకు పదుమూడేండ్లు. తండ్రి యుద్యోగరీత్యా తఱచుగా ఊళ్లు మాఱవలసి వచ్చుటచే వానిని ఆఱవ తరగతితో బడి మాన్పించి యింటనే చదివించుచున్నారు. "అక్కయ్యగారూ! వీడు తన యీడు పిల్లలకంటె ముందుగనే లెక్కలు చేయుచున్నాడు. ఇంక బడితో పనియేమి? సమయము వచ్చినప్పుడు ప్రవేశపరీక్ష యొక్కటి వ్రాయించి కళాశాలలో చేర్పింతుము. అది చాలదా?" యని యామె యడిగినది.

చాలదని చెప్పుటకు నాకు నోరాడలేదు. అయినను చెప్పక తప్పినది కాదు. ఆనాడామెకు చెప్పిన సంగతులనే యింకను కొంత విపులముగా సోదరీమణులకు విన్నవింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను. కొంతకాలము బడిలోను, కొంతకాలము ఇంటిలోను చదువుకొను బిడ్డలు నేడు మన కుటుంబములలో అరుదు కారు. ఒకరికి దీర్ఘవ్యాధి, ఒకరికి ఊళ్ల మార్పు, ఒకరికి సంగీతమో నాట్యమో ఆటలో ప్రధానమగుట, ఒకరికి తలిదండ్రుల యభిప్రాయము - కారణ మేదైనను, పదునేడు పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి అందఱును కళాశాల గుమ్మముకడనే చేరవలసియున్నది. అప్పుడు తెలిసికొందమనుకొన్న తల్లులు కొందఱు విచారమునకు లోనగుట నేను చూచితిని. నేనును ఆ విచారమున కొకతఱి పాత్రురాల నైతిని.

నా యనుభవము

నేను పండితుల యింట బుట్టినదానను. మా నాన్నగారు నన్ను బడికి బంపలేదు. అమరకోశముతో ఆరంభించి, రఘువంశమును, పిదప ఆంధ్ర మహాభారతమును తమ ప్రక్కన గూర్చుండబెట్టుకొని చెప్పినారు. ఆ చదువు నా కెంతటి ధనమో మాటలతో చెప్పజాలను. జబ్బుపడిన బిడ్డకడ రాత్రులు మేలుకొని యున్నప్పుడును, వంటయింట ఒంటరిగా నున్నప్పుడును ఆ పద్యములే నాకు తోడు. కాని నా ముప్పదియవ యేట, మా యూరి బాలికల వసతిగృహమొకదానిలో సాయంకాలము తెలుగు చెప్పువారు కావలెనని విని దరఖాస్తు వ్రాయబోగా, అందలి మొదటి గడియే నా చేయి నాపినది. అది పదవ తరగతి ఉత్తీర్ణతా పత్రము నడుగు గడి.

అచ్చటి గుమాస్తా నన్నవమానింపలేదు. "అమ్మా! మీకు చదువు వచ్చునని మాట తీరుననే తెలియుచున్నది. కాగితము లేనిదే నేనేమని వ్రాసికొందును?" అనినాడు. ఇంటికి వచ్చి చాలసేపు దుఃఖించితిని గాని, ఆలోచించి చూడగా అతనిపై కోపగించుటకు కారణము కనబడలేదు. నా చదువును ఎఱిగినవారు మా నాన్నగా రొక్కరే. ఆయన అప్పటికి స్వర్గస్థులైరి. నన్నెఱుగని పరాయివాడు నా విద్యను దేనితో కొలువగలడు?

మఱుసటి యేడు సార్వత్రిక విద్యాపీఠమున పేరు నమోదు చేయించుకొని, నా కొడుకు వయస్సు పిల్లల నడుమ గూర్చుండి పదవ తరగతి పరీక్షలు వ్రాసితిని. తెలుగున ఎనుబదికి మించి వచ్చినవి. గణితమున నిరువదియొక్కటి! ఆఱు నెలలు మావారికడ బాలికవలె లెక్కలు నేర్చుకొని, ఆ యొక్క విషయమును మరల వ్రాసి గట్టెక్కితిని. పిదప ఇంటర్మీడియేటును అట్లే ముగించి, ఇప్పుడు దూరవిద్య ద్వారమున బి.ఏ. చదువుచున్నాను. నాకు తెలిసిన పరీక్షల సంగతులన్నియు ఈ తిరుగుడులో తెలిసికొన్నవే.

ఇది క్రొత్త త్రోవయు కాదు. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయమ్మగారు చిన్ననాట బడిచదువు సాగనిదై, ఉప్పు సత్యాగ్రహ దినములలో కారాగారవాస మనుభవించి వచ్చిన పిమ్మట, పట్టుదలతో ఇంట చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు గూర్చుండి నెగ్గినారు. ఆ త్రోవనే ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆనర్సు పట్టమును, 1942లో మదరాసున న్యాయశాస్త్ర పట్టమును పొంది, రాజ్యాంగ పరిషత్సభ్యురాలైనారు. వారు మదరాసున స్థాపించిన ఆంధ్ర మహిళాసభ, బడి ముఖమెఱుగని స్త్రీలను ఆ కాశీ మెట్రిక్యులేషనుకే సిద్ధపఱచుచుండెడిది. తాము దాటిన గుమ్మమును ఇతరులకును చూపినారన్నమాట. తరువాతికాలమున, 1982లో హైదరాబాదునందు నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఇంటర్మీడియేటు లేనివారికి అర్హతాపరీక్ష పెట్టి పట్టపు చదువులో చేర్చుకొను పద్ధతిని చిరకాలము నడపినది. దానివలన మేలుపొందిన గృహిణు లెందఱో కలరు. అయినను ఆ మాట విని నేటి పిల్లలచే ఇంటర్మీడియేటును మాన్పింపరాదు. ఉద్యోగములకును, పై చదువులకును క్రింది మెట్ల పత్రములు మరల మరల అడుగబడుచునే యుండును.

మొదటి మెట్టు: పదునాలుగేండ్లలోపు

ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్లవఱకు గల బాలబాలికల నిర్బంధ విద్యను గూర్చి 2009లో చట్టమైనది. అది 2010 ఏప్రిలు నుండి అమలునకు వచ్చినది. బిడ్డను సమీపపు బడిలో చేర్పించుట తలిదండ్రుల విధియని అందు చెప్పబడినది. తీవ్రమైన వైకల్యముగల బిడ్డలకు ఇంటియందే విద్య పొందు హక్కును 2012 నాటి సవరణ యిచ్చినది. బడి మానిన బిడ్డను మరల పంపదలచిన తల్లికి ఈ చట్టము గొప్ప యాసరా. బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను. తక్కినవారితో సమానముగ నడచుటకు ప్రత్యేక శిక్షణ నీయవలెను. బదిలీ పత్రము రాలేదనిగాని, వయస్సు రుజువు లేదనిగాని బిడ్డను త్రిప్పి పంపరాదు. ఎనిమిదవ తరగతివఱకు ఈ రక్షణ యున్నది. కావున తిరిగి బడికి పంపు తలంపున్నవారు పదునాలుగేండ్లు దాటకమునుపే యోచించుట మేలు.

రెండవ మెట్టు: పదవ తరగతి

ఇంట చదివిన బిడ్డకు ఈ మెట్టును దాటించునవి సార్వత్రిక విద్యాసంస్థలు. దేశమంతటికిని ఉద్దేశింపబడి, 1989లో స్వతంత్ర సంస్థగా ఏర్పడి, 2002 నుండి నేటి పేరుతో వ్యవహరింపబడుచున్నది జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ. దీనినే ఎన్.ఐ.ఓ.ఎస్. అందురు. మన రాష్ట్రములలో 1991లో నెలకొన్న సార్వత్రిక విద్యాపీఠ మొకటి యున్నది. రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణమునకు వేఱుగా నేర్పడినది. వీనియందు పదవ తరగతికి పదునాలుగేండ్లును, ఇంటర్మీడియేటు సమానమైన చదువునకు పదునైదేండ్లును నిండియుండవలెను.

జాతీయ సంస్థలో చేరుటకు ఎనిమిదవ తరగతి పత్రము లేకున్నను, ఆ చదువునకు తగిన జ్ఞానము తనకు కలదని అభ్యర్థి స్వయముగ ప్రకటించిన చాలును. ఐదు విషయములలో ఒక్కొక్కదానియందు నూటికి 33 చొప్పున తెచ్చుకొనవలెను. పరీక్షలు ఏటికి రెండు తఱులు, వేసవి మొగమునను శరత్కాలమునను, జరుగును. ఒకమాఱు నమోదైన పిమ్మట ఐదేండ్లలో తొమ్మిది పర్యాయములు వ్రాయుట కవకాశము కలదు. నెగ్గిన విషయములను మరల వ్రాయ నక్కఱలేదు. మామూలు బడిలో పరీక్షకు గూర్చుండి కొన్నింట తప్పినవారికి, నెగ్గినవానిలో రెండింటివఱకు మార్కులను ఇచ్చటికి మార్చుకొను వీలును కలదు. జబ్బుపడి లేచిన బిడ్డకును, పనిపాటల నడుమ చదువుకొను ఇల్లాలికిని ఇంతకన్న దయగల పరీక్ష యుండదు.

కాని ఈ దయలోనే ఒక చిక్కు కలదు. దానిని నేను తప్పు చేసి నేర్చుకొంటిని.

మా మేనకోడలికి పండ్రెండవ యేట కీళ్లవాత జ్వరము వచ్చినది. గుండెకు దెబ్బ తగులకుండ చూచుకొనవలెనని వైద్యురాలు కొన్ని నెలలు పూర్తి విశ్రాంతి చెప్పి, ఇరువదియొక్క దినముల కొకమాఱు పెన్సిలిను సూది వేయింపవలెననినది. మా తమ్ముని పల్లెలో ఆ సదుపాయము లేనందున పిల్లను మా యింటికి దెచ్చుకొంటిమి. ఎనిమిదవ తరగతి మొదటనే బడి మానినది. ఆరోగ్యము కుదుటబడిన పిమ్మట నేను తెలుగు, సంస్కృతము చెప్పుచుంటిని. మావారు సాయంకాలము తక్కిన పాఠములు చెప్పుచుండిరి. పదునాలుగేండ్లు నిండగానే జాతీయ సంస్థకు దరఖాస్తు నింపితిని. ఏ విషయములనైనను కోరుకొనవచ్చునని తెలిసి, పిల్లకు శ్రమ లేకుండవలెనని తెలుగు, సంస్కృతము, సాంఘికశాస్త్రము, గృహవిజ్ఞానము, చిత్రలేఖనము అని ఐదు వ్రాసితిని.

మావారు కాగితము చూచి, "లెక్కలేవి? విజ్ఞానశాస్త్రమేది?" యనిరి.

"లెక్కలతో నేను పడిన పాట్లు మీరెఱుగరా? జబ్బుపిల్లను బాధింపవలెనా?" యంటిని.

"ఈనాటి యలసట ఏడాదిలో తీఱును. ఈ కాగితము దాని జీవితమంతయు వెంట వచ్చును" అని మాత్రమని యూరకుండిరి. నాకు కష్టము తోచినది. నా మాటయే నెగ్గించుకొని దరఖాస్తు పంపితిని.

రెండు నెలలు గడచినవి. ఒకనాడు ఆసుపత్రిలో సూది వేయించుకొని వచ్చుచు, ఆటోలో నా భుజముపై తల వాల్చి, "అత్తా! మా డాక్టరమ్మవలె కావలెనన్న ఏమి చదువవలెను?" అని పిల్ల యడిగినది. నా గుండె ఝల్లుమన్నది. బిడ్డకు సుఖము కూర్చితినని నేననుకొన్నది, అది నడువదలచిన త్రోవకే అడ్డుగోడ యైనది. విజ్ఞానశాస్త్రమును గణితమును లేని పదవ తరగతి పత్రముతో ఇంటర్మీడియేటున శాస్త్ర విభాగమున సీటడిగినచో ఏ కళాశాల మాత్రము సంతోషించును?

అదృష్టవశమున, ఐదింటికి తోడు మఱి రెండు విషయములను అదనముగ తీసికొనుట కా సంస్థ నియమము లొప్పుకొనుచున్నవి. మావారొక్క మాటయు ననక రుసుము చెల్లించి ఆ రెండును చేర్పించిరి. నాటినుండి వేకువ ఐదు గంటలకు అత్తయు మేనకోడలును ఒకే బల్లకడ లెక్కలకు గూర్చుండుట మొదలైనది. విజ్ఞానశాస్త్రపు ప్రయోగములు చేయించుట మావలన కాలేదు. అధ్యయన కేంద్రమున అవి జరుగు దినములను ముందుగనే కనుగొని, ఒక్కటియు తప్పక తీసికొనిపోతిమి. మొదటి పర్యాయమున ఆఱు విషయములు నెగ్గి గణితమున తప్పినది. పిల్ల ఏడ్చినప్పుడు నా యిరువదియొక్క మార్కుల కాగితము తెచ్చి చూపితిని. ఏడ్పుమాని నవ్వినది. శరత్కాలపు పరీక్షలో అదియు నెగ్గినది.

సోదరీమణులారా! నా తప్పునుండి మీరు తెలిసికొనవలసిన దిది. తేలికయైన విషయములను కోరుకొను స్వేచ్ఛ సార్వత్రిక విద్యలో నున్నది గాని, ఆ కోరికవలన ముందేమి మూతబడునో ఎవరును పిలిచి చెప్పరు. బిడ్డ మనస్సు ఇంకను తేలనప్పుడు గణితమును, విజ్ఞానశాస్త్రమును విడువకుండుటయే క్షేమము. తరువాత వద్దనుకొనుట సులభము, లేనిదానిని తెచ్చుకొనుట కష్టము.

మూడవ మెట్టు: పండ్రెండవ తరగతి

ఇచ్చట ముఖ్యముగ తెలియవలసిన దేమన, మన దేశమున ప్రవేశపరీక్ష యెంత గొప్పగ వ్రాసినను, పండ్రెండవ తరగతియో, ఇంటర్మీడియేటో, దానికి సమానమైన పరీక్షయో నెగ్గనిదే కళాశాలలో చేర్చుకొనరు. ముంబయిలో ఏడవ తరగతి పిదప ఇంటనే చదివిన యొక బాలిక అంతర్జాతీయ కంప్యూటరు పోటీలలో మూడు పతకములు గెలిచినను, పండ్రెండవ తరగతి పత్రము లేమిచే ఇచ్చటి ఐ.ఐ.టి.లలో చేరు వీలు లేకపోయినది. ఆమెకు 2016లో అమెరికాలోని మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయము ప్రవేశమిచ్చినది. అట్టి ప్రతిభ కోటి కొకరికి. తక్కినవారు పత్రము సంపాదించుకొనుటయే త్రోవ.

ఇంటనుండి ఈ మెట్టు దాటువారికి జాతీయ సంస్థయు, రాష్ట్ర సంస్థలును ఉన్నవి. జాతీయ సంస్థలో పదవ తరగతి నెగ్గిన రెండేండ్లకుగాని పై మెట్టు పత్రము లభింపదు. తొందరపడువారు ఈ వ్యవధిని గుర్తుంచుకొనవలెను. మన ఇంటర్మీడియేటు బోర్డులు కళాశాలకు పోకయే హాజరు మినహాయింపుతో పరీక్ష వ్రాయుటకును అవకాశమిచ్చుచున్నవి గాని, అది ఆర్ట్సు విషయములకే. ప్రయోగములుండు శాస్త్ర విషయములకు లేదు.

పదవ తరగతి ఇంటనుండి నెగ్గి, ఇంటర్మీడియేటునకు మామూలు కళాశాలలో చేరుట మూడవ పద్ధతి. మా మేనకోడలికి మేమిదియే చేసితిమి. శాస్త్రప్రయోగముల కిది మేలు. సార్వత్రిక సంస్థ యిచ్చు ఉత్తీర్ణతా పత్రమును, బదిలీ పత్రమును చూపవలసియుండును.

ప్రవేశపరీక్షలు ఏమడుగును?

ఇంజనీరింగు చదువునకు జాతీయస్థాయిలో జరుగు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షకు, జాతీయ సార్వత్రిక సంస్థలో కనీస మైదు విషయములతో నెగ్గినవారు అర్హులని నియమములలోనే యున్నది. ఏటికి రెండు పర్యాయములు జరుగు ఈ పరీక్షకు వయోపరిమితి లేదు. అయితే ఎన్.ఐ.టి.లలోను ఐ.ఐ.టి.లలోను చేరుటకు ర్యాంకు వచ్చిన చాలదు. పండ్రెండవ తరగతిలో నూటికి 75 మార్కులైనను, తమ బోర్డులో అగ్రశ్రేణి యిరువది పర్సెంటైలులో స్థానమైనను ఉండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలవారికి 65 మార్కులు చాలును. ప్రవేశపరీక్షకే తపస్సు చేసి, సార్వత్రిక పరీక్షను 33 మార్కులతో గట్టెక్కింతమని తలచు పిల్లలకు ఈ నియమము చెప్పి తీఱవలెను.

వైద్యవిద్యకు నీట్ ఒక్కటే ద్వారము. చేరు సంవత్సరము డిసెంబరు 31 నాటికి పదునేడేండ్లు నిండవలెను. పండ్రెండవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఆంగ్లమును ఉండవలెను. ఆ మూడు శాస్త్రములందును కలిపి సామాన్య వర్గమువారికి నూటికి 50, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 40 రావలెను. ప్రశ్నలు 180, మార్కులు 720. తెలుగున వ్రాయు వీలును కలదు. సార్వత్రిక విద్యవారి విషయమై ఇందొక చరిత్ర యున్నది. 2018లో వారిని ఈ పరీక్షకు రానీయమని ప్రకటింపగా, ఆ యేడే ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివేసినది. ఆ వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయి, 2024 మార్చిలో ముగిసినది. గుర్తింపుగల సార్వత్రిక సంస్థలలో నెగ్గినవారు నేడు నీట్ వ్రాయుటకు అర్హులే. ఆనాటి మాటలు విని పిల్లలను నిరుత్సాహపఱుపకుడు.

కేంద్ర విశ్వవిద్యాలయములలో పట్టపు చదువులకు 2022 నుండి సి.యు.ఇ.టి. యను ఉమ్మడి పరీక్ష జరుగుచున్నది. దీనిని తెలుగుతో గూడ పదుమూడు భాషలలో వ్రాయవచ్చును. భాషలు, చరిత్ర, అర్థశాస్త్రము వంటివి చదువగోరు పిల్లల కిది మంచి ద్వారము. ఇచ్చటను పండ్రెండవ తరగతి పత్రము తప్పదు.

స్థానికతా పత్రము

పరీక్షలన్నియు నెగ్గిన పిమ్మట మన ప్రాంతమువారికి మాత్రమే యుండు చిక్కొకటి కలదు. కళాశాలలలో నూటికి 85 స్థానములను స్థానికులకు కేటాయించుచు 1974లో రాష్ట్రపతి యుత్తర్వు వెలువడినది. అర్హతాపరీక్ష వ్రాసిన యేటితో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవారు స్థానికులు. వైద్య, ఇంజనీరింగు చదువులకు ఇంటర్మీడియేటు అర్హతాపరీక్ష గనుక, తొమ్మిదవ తరగతి మొదలు లెక్క. ఆ రెండేండ్లును ఇంట నున్న బిడ్డ గతి యేమి?

మా పిల్లను కళాశాలలో చేర్పింపబోయినప్పుడు అచ్చటి గుమాస్తా, "ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల స్టడీ సర్టిఫికెట్లు ఏవి? అవి లేనిచో రేపు స్థానికురాలు కాదందురు" అని మమ్ము బెదరగొట్టినాడు. మావారు ఉత్తర్వు తెప్పించి చదివిరి. ఆ నాలుగేండ్లలో కొంతకాలమైనను ఏ విద్యాసంస్థలోను చదువనివారు, పరీక్షకు ముందు నాలుగేండ్లకు తక్కువ కాకుండ ఆ ప్రాంతమున నివసించిన చాలునని అందు స్పష్టముగ నున్నది! తహసీలుదారు కార్యాలయమునుండి నివాస ధ్రువపత్రము తీసికొనిపోయి చూపగా, ప్రధానాచార్యులు చదివి సరియేయనిరి. యాబది యేండ్లనాడు ఆ వాక్యమును వ్రాసినవారికి ఇంట చదువు బిడ్డలు గుర్తుండుట నాకెంతో ఊఱట గలిగించినది.

రాష్ట్ర విభజనకు పదేండ్లు నిండిన పిమ్మట ఉభయ రాష్ట్రములందును ప్రవేశ నియమములలో మార్పులు వచ్చినవి. తెలంగాణమున వైద్యకళాశాలల స్థానికతా నియమము 2024లో సవరింపబడినది. కావున ఏ యేటి ప్రకటన నాయేడు చదువుకొనవలెను. నిరుటివారి మాట నమ్ముకొనరాదు.

అమెరికాలోని మనవారు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలోను బిడ్డలను కొన్నేండ్లు ఇంట చదివించువారున్నారు. అచ్చటి పద్ధతి మనదానికి భిన్నము. ఇంట చదివిన బిడ్డకు తల్లియే మార్కుల పట్టిక వ్రాసి యీయవచ్చును. కాని కన్నతల్లి వేసిన మార్కులను కళాశాలవారు ఎంతవఱకు నమ్మగలరు? అందుచే శాట్, ఆక్ట్ అను పరీక్షలకు ఇట్టి పిల్లల విషయమున విలువ హెచ్చు. శాట్ వ్రాయుటకు బడితో పనిలేదు. ఇంటి విద్యార్థులకై ప్రత్యేక సంకేత సంఖ్యయే కలదు. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు పెక్కు కళాశాలలు ఈ మార్కులు చూపుట ఐచ్ఛికము చేసినవి. మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయము 2022లోను, డార్ట్‌మత్, హార్వర్డు 2024లోను మరల కావలెనని ప్రకటించినవి. ఐచ్ఛికమన్న కళాశాలలలో కొన్ని ఇంట చదివినవారిని మాత్రము మార్కులు చూపుమని యడుగును. ఒక్కొక్క కళాశాల నియమమును వేఱువేఱుగ చదువవలెను.

తల్లులకు మనవి

బిడ్డను బడి మాన్పించు నాడే బదిలీ పత్రమును, అంతవఱకు చదివిన తరగతుల పత్రములను తీసికొని భద్రపఱచుడు. బడి మూతబడినచో తరువాత దొరకవు. జనన పత్రములోని పేరును తేదీని అక్షరము తప్పక అన్ని దరఖాస్తులందును వ్రాయుడు. ఇంట చదువు నాలుగేండ్లును ఒకే ప్రాంతమున నివసించిన రుజువులు దాచుకొనుడు. బిడ్డ చేరదలచిన చదువును ముందు నిలుపుకొని, అందుండి వెనుకకు లెక్కించుకొనుచు ఇంటరులో ఏమి కావలెను, పదవ తరగతిలో ఏమి కావలెనో నిర్ణయింపుడు.

ఇంకొక్కటి. ఇంట చదివిన బిడ్డకు తెలివి యుండును గాని, గడియారము ముందఱ మూడుగంటలు కదలక గూర్చుండి వ్రాయు నలవా టుండదు. నాకును లేకపోయినది. మా యింట ఆదివారమునాడు పాత ప్రశ్నపత్రము, గడియారము బల్లపై నుంచి, ఎవరు పిలిచినను లేవకుండ వ్రాయించెడివారము. వంటయింట పాలు పొంగినను ఆ నియమము తప్పలేదు. పిల్ల భయము సగము దానితో తీఱినది.

ఇంటి చదువు తక్కువదని నేనననేరను. మా నాన్నగారు చెప్పిన చదువే నేటికిని నన్ను నిలుపుచున్నది. కాని ఆయన నాకు పదవ తరగతి కాగితమొక్కటి వ్రాయించియుండినచో, ముప్పదియేండ్ల వయస్సున ఆ గడికడ నా చేయి ఆగియుండెడిది కాదు. ఆ లోపమును మన బిడ్డలకు మిగులనీయరాదు. చదువు చెప్పుట యెంత ప్రేమయో, దానిని పరులు గుర్తించునట్లు చేయుటయు నంత ప్రేమయే.

ఆ యిల్లాలు నా మాటలు విని, వారము తిరుగకమునుపే కుమారుని పాత బడికి పోయి బదిలీ పత్రము తెచ్చుకొన్నది. పదునాలుగవ యేడు నిండగానే దరఖాస్తు పంపుదుమనినది. "లెక్కలు, సైన్సు రెండును వ్రాయుదును, అక్కయ్యగారూ" అని నవ్వినది. మా మేనకోడలు ఇప్పుడు ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరమున నున్నది. ఇరువదియొక్క దినముల కొకమాఱు సూది తప్పలేదు. ఆదివారమునాడు గడియారమును తప్పలేదు. వచ్చు వేసవిలో నీట్ వ్రాయును. ఫలితమెట్లున్నను, ద్వారముకడకు పోవు హక్కును దానికి పోనీయలేదు గదా యని నాకు తృప్తి. నా బి.ఏ. పరీక్షలును ఆ దినములలోనే. పంచాంగము చూచి, మా యిద్దఱి పరీక్షలకును ఒకే దినమున దేవునికి కొబ్బరికాయ కొట్టవలెనని మావారు పరిహాసమాడుచున్నారు.